ఆ ఇంట్లో కనీసం ఎంతమంది?

మైకు ముందు నిలబడి పేర్లు చదవడం కూడా ఒక పనేనా అని మా ఇంట్లోనే నన్ను ఆటపట్టించేవాళ్లు. పనే. మూడు పేర్లు చదువుతున్నామంటే, కొన్ని వందల పేర్లు చదవకుండా వదిలేస్తున్నామని అర్థం. ఆ వందల మందిలో ప్రతివాళ్లూ ఎక్కడో ఒక ఫోను ముందు చెవులు రిక్కించుకుని కూర్చుని ఉంటారు. నేనొక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో అడ్మిషన్ల విభాగం చూసి రిటైరయ్యాను. కాలేజీ ఊరవతల ఉండేది. మా ఆఫీసు మాత్రం రాంగోపాల్‌పేట్‌లో ఒక పాత భవనం మొదటి అంతస్తులో. గొంతు స్పష్టంగా ఉంటుందనీ, తెలుగు తడబడకుండా చదువుతాననీ ప్రతి ఫంక్షన్‌లోనూ మైకు తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్లు. ఇలాంటి ఆఫీసుల్లో ఇప్పుడిప్పుడే చేరుతున్న పిల్లల కోసం ఒక్క రోజు సంగతి రాస్తున్నాను.

ఏటా మేం ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ఆన్‌లైన్‌లో పజిళ్ల పోటీ పెట్టేవాళ్లం. ఫోన్లోనే ఆడొచ్చు. అంకెలవి కొన్ని, బొమ్మలవి కొన్ని, తర్కానివి కొన్ని. రెండో బహుమతి లాప్‌టాప్. మూడో బహుమతి ఒక సంచీ, అందులో మా కాలేజీ బొమ్మ ఉన్న నీళ్ల సీసా. మొదటి బహుమతి మాత్రం నాలుగేళ్లూ ఫీజు లేకుండా సీటు. అలాంటి సీటు ఒక్కటే. పైకి ఇది తెలివితేటల పోటీ. లోపలి సంగతి వేరు: ఆడిన పిల్లలందరి నంబర్లూ మాకు చేరతాయి, ఎండాకాలమంతా మావాళ్లు ఆ నంబర్లకు ఫోన్లు చేసి కాలేజీలో చేరమని ప్రాణం తీస్తారు. నాకు ఆ తతంగం నచ్చేది కాదు. కానీ ఆ ఒక్క సీటు నిజం. దాంతో ఒక ఇల్లు ఒడ్డున పడటం నేను కళ్లారా చూశాను, అందుకే ఆ పోటీ అంటే గౌరవం, దాంతోపాటు భయం.

పజిళ్లు మేం తయారుచేసేవాళ్లం కాదు. ఉత్తరాదిలో ఎక్కడో ఉన్న కంపెనీ నుంచి ప్రశ్నలూ జవాబులూ కలిపి కొనేవాళ్లం. వాటిని తెలుగులోకి మార్చి సరిచూడటం ముగ్గురి పని. ఒకరు నేను. రెండోవారు లెక్కల మేడం, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, క్లాసులో చాక్‌పీసు కింద పడితే పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్లు. మూడో అతను కంప్యూటర్ల లెక్చరర్, కుర్రవాడు, మంచివాడు, నోటికి మాత్రం తాళం లేదు. మా ముగ్గురి పైన ప్రిన్సిపాల్ గారి సంతకం.

ఆ ఏడాది ఆఖరి ప్రశ్న ఇది. ఒక ఇంట్లో భోజనానికి కూర్చున్నవాళ్లలో ఇద్దరు తల్లులు, ఇద్దరు కూతుళ్లు, ఒక అమ్మమ్మ, ఒక మనవరాలు, ఆ మనవరాలి మేనమామ, ఆ మనవరాలి భర్త ఉన్నారు. అక్కడ కనీసం ఎంతమంది ఉండాలి?

పైపైన లెక్కపెడితే ఎనిమిది మంది. కానీ అమ్మమ్మ, ఆమె కూతురు, మనవరాలు, ఈ ముగ్గురిలోనే తల్లులూ కూతుళ్లూ అందరూ సర్దుకుంటారు. వాళ్లకు మేనమామనూ భర్తనూ కలిపితే అయిదు. కంపెనీ ఇచ్చిన జవాబు కూడా అయిదే. మేం వేళ్ల మీద లెక్కపెట్టుకుని, భలే ఉందే అనుకుని టిక్కు పెట్టేశాం. “పిల్లల్ని కాస్త తిప్పలు పెడుతుందండీ ఇది” అని లెక్కల మేడం ముచ్చటపడ్డారు కూడా.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఫలితాలు లైవ్‌లో ప్రకటించే ముందు రోజే గెలిచిన ముగ్గురి ఇళ్లకూ ఫోన్ చేసి చెప్పేయడం. చెబితేనే బంధువులను వెంటేసుకుని వస్తారు, హాలు నిండుతుంది, ఫోటోలు బాగుంటాయి. ప్రకటన రోజున ఎవరూ ఆశ్చర్యపోరు, అందరూ ఆశ్చర్యపోయినట్టు నటిస్తారు. ఆ ఫోన్లు చేసే పని నాది. నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని కూడా అదే.

ఆ ఏడాది మొదటి బహుమతి రెజిమెంటల్ బజార్ అబ్బాయికి వచ్చింది. ఒక్క తప్పూ లేదు. తండ్రికి మిక్సీలు, గ్రైండర్లు రిపేరు చేసే చిన్న షాపు. ఫోన్లో వెనక ఏదో మోటారు తిరుగుతున్న చప్పుడు, నేను చెప్పగానే అది ఆగింది. “మేడం, మల్లొకసారి చెప్పుండ్రి. స్పీకర్ల పెడ్తున్న, మా అమ్మ సుత ఇంటది” అన్నాడు. మళ్లీ చెప్పాను. ఇంకోసారి కూడా చెప్పాను. రెండో బహుమతి కాప్రా అమ్మాయిది. ఒక్కటే తప్పు, ఆ ఆఖరి ప్రశ్న. వాళ్లమ్మ బడిలో టీచరు. “థాంక్యూ మేడం, లాప్‌టాప్ అయినా పనికొస్తది” అంది ఆవిడ. ఆ ‘అయినా’ నాకు కాస్త గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి కంప్యూటర్ల లెక్చరర్ తెర ముందు నిలబడి ఉన్నాడు, కూర్చోలేదు. ముందురోజు సాయంత్రం వెబ్‌సైట్లో పెట్టిన జవాబులు చూసి కాప్రా అమ్మాయి మెయిల్ పెట్టింది. చాలా మర్యాదగా రాసింది. “మేడం, ఆఖరి ప్రశ్నలో ‘కనీసం’ అని అడిగారు కాబట్టి నేను నాలుగు అని రాశాను. ఆ మనవరాలు తన మేనమామనే పెళ్లి చేసుకుని ఉంటే, మేనమామా భర్తా ఒక్కరే అవుతారు కదా. మా ఇళ్లలో ఈ పద్ధతి లేదు. కానీ మా ఓనర్ ఆంటీ వాళ్ల మేనమామనే చేసుకున్నారు. అందుకని నాకు తట్టింది. నేను రాసింది తప్పయితే ఎందుకు తప్పో చెప్పగలరా?”

నేను రెండోసారి చదవలేదు. అవసరం లేకపోయింది. లెక్కల మేడం నా భుజం మీదుగా చదివి, నుదురు కొట్టుకుని, “ఓరి నాయనో, మన బుర్రలకు ఏమైందండీ?” అన్నారు. మా పెద్దక్క మా చిన్న మేనమామ భార్య. ఆ పెళ్లిలో నేను లంగా ఓణీ వేసుకుని పన్నీరు చల్లాను. అలాంటి నేను ఆ ప్రశ్నను స్వయంగా తెలుగులోకి రాసి, ‘మేనమామ’ అన్న మాట నా చేత్తోనే టైపు చేసి, అయిదు అని ఒప్పుకున్నాను. ప్రశ్నపత్రం చేతిలోకి రాగానే మనం మన ఇళ్లను గుమ్మం బయట వదిలేసి వస్తామేమో. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు నవ్వు రాలేదు.

ఎందుకంటే లెక్క చాలా తేలిక. జవాబు నాలుగు అయితే ఆ అమ్మాయికి ఒక్క తప్పూ లేదు, అబ్బాయికి ఒక తప్పు. సీటు ఆ అమ్మాయిది. పదకొండింటికి లైవ్. పై అంతస్తులోని సెమినార్ హాల్లో అప్పటికే కుర్చీలు నిండుతున్నాయి.

ప్రిన్సిపాల్ గారు వచ్చారు. మేనేజ్‌మెంట్ సెక్రటరీకి ఫోన్ చేస్తే, “లైవ్ ఆగొద్దు. మీరేమన్న చేసుకోండి, పదకొండింటికి పేర్లు చదవాలె. సీటు ఒక్కటే, రెండియ్యమని అడగొద్దు” అని పెట్టేశాడు. మేం నలుగురం తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాం.

కంప్యూటర్ల లెక్చరర్ దగ్గర ఉపాయం సిద్ధంగా ఉంది. “సార్, పరేషాన్ ఎందుకు? ప్రశ్నల తప్పుంది గాబట్టి అందరికీ ఒక మార్కు కలిపేద్దాం. బోర్డు పరీక్షలల్ల గట్లనే చేస్తరు గద. అప్పుడు ఇద్దరికీ ఫుల్ మార్కులు. టై అయితే ఎవరు తొందరగ కొట్టిండ్రో వాళ్లది ఫస్టు. పిలగాడే తొందరగ కొట్టిండు. నిన్న మేడం ఫోన్ల ఏం చెప్పిండ్రో అదే నిలబడ్తది.”

ఆ మాట విని నాకు ప్రాణం లేచి వచ్చింది. దాచడం ఎందుకు, నాకు కావలసింది అదే. ఆ తండ్రి గొంతు ఇంకా నా చెవిలో ఉంది. మళ్లీ వెళ్లి ఆ మనిషికి కాదని చెప్పే పని తప్పుతుంది.

లెక్కల మేడం ఒప్పుకోలేదు. “ప్రశ్నలో తప్పెక్కడుందయ్యా? ప్రశ్న శుభ్రంగా ఉంది. తప్పు మన జవాబులో ఉంది. సరైన జవాబు రాసిన పిల్లకి, తప్పు రాసినవాళ్లందరితో కలిపి తలా ఒక మార్కు పంచిపెడతావా? రేపు క్లాసులో ఏ మొహం పెట్టుకుని లెక్క చెప్పమంటావు నన్ను?”

“అది గాదు మేడం,” కుర్రవాడు వదల్లేదు. “మేనమామను చేసుకునుడు ఇప్పుడెక్కడుంది చెప్పుండ్రి? ఎప్పటిదో పాత జమానా ముచ్చట. చదువుకున్నోళ్లు ఎవరన్న చేసుకుంటరా?”

ఆ కుర్రవాడు కొత్తగా చేరాడు, అతనికి తెలియదు. ప్రిన్సిపాల్ గారి భార్య ఆయన సొంత అక్క కూతురు. ప్రతి స్వాతంత్ర్య దినోత్సవానికీ ఆవిడ కాలేజీకి వచ్చి మాతో కూర్చుని టీ తాగి వెళ్తారు, ఆవిడ కూడా పీజీ చదివినావిడే. నేను బల్ల మీది పేపర్‌వెయిట్ వైపు చూస్తూ కూర్చున్నాను. లెక్కల మేడం కిటికీ వైపు చూశారు. మా అందరి మొహాలు చూశాక కుర్రవాడికి ఏదో జరిగిందని అర్థమైంది, ఏం జరిగిందో మాత్రం అర్థం కాలేదు.

ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత, “ఈ జవాబు కింద సంతకం నాది. మా ఇంట్ల తెలిస్తే ఇయ్యాల్టి నుంచి నాకు అన్నం పెట్టరు” అన్నారు. నవ్వలేదు. “మార్కులు పంచుడు గిట్ల ఏం వద్దు. నాలుగు కరెక్టు. జవాబు మార్చుండ్రి, వరుస మార్చుండ్రి. మేడం, ఆ పిలగాని తండ్రితోని మీరే మాట్లాడుండ్రి. స్టేజి మీద తెలిసుడు మంచిగుండదు.”

ఆయన తీర్పు న్యాయమైనది. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ న్యాయం గదిలో తేల్చడం ఒక ఎత్తు, దాన్ని మెట్లెక్కి మోసుకువెళ్లి ఒక మనిషి చేతిలో పెట్టడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని చేసేవాళ్ల గురించి ఎవరూ రాయరు. మీలో చాలామందికి ఉద్యోగంలో పడేది ఆ రెండో పనే, అందుకే చెబుతున్నాను.

హాల్లో ముందు వరసలో కూర్చున్నారు వాళ్లు. తండ్రి ఇస్త్రీ మడత పోని తెల్ల చొక్కాలో ఉన్నాడు, గోళ్ల చుట్టూ గ్రీజు మరక మాత్రం పోలేదు. పక్కన భార్య పట్టుచీరలో, ఆవిడ పక్కన ఇద్దరు పెద్దావిడలు. అబ్బాయి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. తండ్రినీ కొడుకునీ బయట మెట్ల దగ్గరికి పిలిచాను.

“అన్నా, తప్పు మాదే. ఒక ప్రశ్నకు మేం పెట్టిన జవాబు తప్పని పొద్దుగాల్ల తెలిసింది. వరుస మారింది. మీవోనిది సెకండ్ అయింది.”

“సీటు?” అన్నాడాయన.

“సీటు ఫస్ట్ వచ్చినోళ్లకే.”

“నిన్న మీరే గద మేడం చెప్పిండ్రు. మూడుసార్లు చెప్పిండ్రు.”

“నేనే చెప్పిన.”

ఆయన అరిస్తే బాగుండేది. అరవలేదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అబ్బాయి మాత్రం, “ఏ ప్రశ్న మేడం?” అని అడిగాడు. నా ఫోన్లో ఉన్న ప్రశ్న చూపించాను. చదవడం మొదలుపెట్టి సగంలోనే ఆపేశాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

“నాలుగు,” అన్నాడు మెల్లగా. “నాలుగే మేడం. ముందుగాల నాలుగే కొట్టిన. మల్ల మార్చిన.”

“ఎందుకు మార్చినవ్ బిడ్డా?”

“మా కోచింగ్ల చెప్తరు మేడం. ఇట్లాంటి ప్రశ్నలు వస్తే మనింట్ల ఎట్లుంటదో సోంచాయించొద్దు, ప్రశ్న రాసినోనింట్ల ఎట్లుంటదో సోంచాయించాలె అని. రాసినోడు ఎక్కడోడో. ఆళ్లింట్ల మేనమామ వేరే, మొగడు వేరే ఉంటరు గద. అందుకని అయిదు కొట్టిన.”

ఆలోచిస్తే వాడు ఊహించింది అక్షరాలా నిజం. ప్రశ్న రాసినవాడి మనసు చదివాడు, సరిచూసిన మా మనసులూ చదివాడు. మేం ఏం కోరుకుంటామో అదే రాశాడు. పన్నెండేళ్ల చదువు వాడికి నేర్పింది అదే. వాడు నేర్చుకున్నాక, మేం మారాం. నాకు ఏడుపు వచ్చింది, ఆఫీసులో ఎప్పుడూ ఏడవని దాన్ని.

ఇంతలో తల్లి లేచి మెట్ల దగ్గరికి వచ్చింది. “ఏమైంది మామా? పోరని మొకం అట్లుందేంది?” అని భర్తను అడిగింది. ఆయన గోడ మీది చెయ్యి తియ్యకుండానే చెప్పాడు, సీటు పోయిందని, ఎందుకు పోయిందో. ఆవిడ ప్రశ్న మొత్తం నాతో చదివించుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

“మరి మీ నాయినను ఇద్దర్ని చేసి లెక్కవెట్టినవారా?”

కోపంతో అనలేదు. నవ్వబోయింది, నవ్వు సగంలో ఉండగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, “ఈయన మా అమ్మకు తమ్ముడు మేడం. మా అమ్మ, మా అమ్మమ్మ గూడ వచ్చిండ్రు, ఆడ కూసున్నరు,” అని హాల్లోకి చూపించింది. ఇద్దరు పెద్దావిడలు మా వైపే చూస్తున్నారు. ప్రశ్నలో భోజనానికి కూర్చున్న ఆ కుటుంబమే నా ఎదురుగా ఉంది, అమ్మమ్మ, ఆమె కూతురు, మనవరాలు, మేనమామ అయిన భర్త.

వెళ్లిపోతారేమో అనుకున్నాను. వెళ్లిపోయినా తప్పు పట్టేదాన్ని కాదు. తండ్రి గోడ మీది చెయ్యి తీసి, “పాయె. రాసిండు, తప్పయింది. ఆ పిల్ల కరెక్టు రాసింది గద, ఆమెకే ఇయ్యుండ్రి. నడువు, లోపల కూసుందాం,” అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం నేను మేనేజ్‌మెంట్ చుట్టూ తిరిగాను, ఇంకో సీటు పుట్టించమని. పుట్టలేదు. ఆ అబ్బాయి మా కాలేజీలో చేరనూ లేదు. ఎక్కడ చేరాడో నాకు తెలియదు, బాగా చదువుకుని ఉంటాడనే నమ్ముతాను.

పదకొండు దాటాక లైవ్ మొదలైంది. మూడో పేరు చదివాను, రెండో పేరు చదివాను. రెండో పేరుగా తన పేరు వస్తుందని కూర్చున్న కాప్రా అమ్మాయి అయోమయంగా వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. మొదటి పేరు చదివేసరికి ఆ టీచరమ్మ కుర్చీలోంచి లేవలేకపోయింది, పక్కవాళ్లు లేపారు. ఫోన్లో సగం ఇష్టంతో అన్న ఆ ‘అయినా’ ఇప్పుడు ఆవిడ మొహంలో ఎక్కడా లేదు. ఆ సంతోషం చూసి నాకూ సంతోషమే కలిగింది, అది కూడా చెప్పాలి. కళ్లు మాత్రం ముందు వరసలోని తెల్ల చొక్కా వైపే పోతున్నాయి.

ముగ్గురినీ స్టేజి మీద నిలబెట్టాక, ఒక్కొక్కరి చేత వెంట వచ్చినవాళ్లను పరిచయం చేయించాలి. లైవ్ చూసేవాళ్లకు అది నచ్చుతుందని మా సెక్రటరీ పెట్టిన తంతు. అబ్బాయి దగ్గర ఆ పరిచయం దాటేద్దామని, “మనందరం చప్పట్లు కొడదాం” అంటూ ముందుకు జరిగాను. వాడే చెయ్యి చాపి నా దగ్గర మైకు తీసుకున్నాడు.

“మా ఇంటి నుంచి మా నాయినమ్మ వచ్చింది. మా అమ్మమ్మ వచ్చింది. అమ్మ వచ్చింది. మా నాయిన వచ్చిండు,” అని ముందు వరసలోకి వేలుపెట్టి ఒక్కొక్కరినీ చూపించాడు. ఆగి, నా వైపు తిరిగాడు.

“నలుగురు, మేడం,” అన్నాడు.

ఈసారి మార్చలేదు.